గ్రేడిల్: తప్పుందంటుంది, ఎక్కడుందో చెప్పదు

జావా పనికి ఏళ్లుగా గ్రేడిల్ వాడుతున్నాను. కోడ్‌ను కంపైల్ చేసి, తనిఖీలు నడిపి, ప్రోగ్రాంగా కట్టిపెట్టే టూల్ ఇది; ఆ పనినే బిల్డ్ అంటాం. దాని వేగం గురించీ, ప్లగిన్ల గురించీ రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. నా గొడవల్లా ఒక్కటే: కోడ్ తనిఖీలో బిల్డ్ ఫెయిలైనప్పుడు అది ఆ సంగతి చెప్పే తీరు.

కోడ్‌లో పొరపాట్లను రూళ్ల ప్రకారం పట్టే పీఎండీ అనే టూల్ తనిఖీ ఫెయిలైతే, గ్రేడిల్ ఇన్ని రూల్ ఉల్లంఘనలు దొరికాయి, రిపోర్టు ఫలానా చోట చూసుకోండి అని ఒక ఫైల్ పాత్ పడేసి ఊరుకుంటుంది. ఏ ఫైలు, ఏ లైను, ఏ రూలు? ఒక్క ముక్క ఉండదు. సొంత ల్యాప్‌టాప్‌లో అయితే లింకు నొక్కి చూసుకోవచ్చు. బిల్డ్ సర్వర్‌లో ఫెయిలైతే ఆ పాత్ సర్వర్ డిస్కుది. రక్తపరీక్షలో తేడా ఉంది, కాగితం మా బీరువాలో ఉంది అన్నట్టుంటుంది.

పోయినేడాది తొలేళ్ల సోమవారం నాడు ఇది నన్ను బాగా ఏడిపించింది. మర్నాడు పైడితల్లమ్మ జాతరలో సిరిమాను కదా, విజయనగరంలో మా ఇంటినిండా చుట్టాలు. అటు కోట దగ్గర జనం కిక్కిరిసిపోయారు. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ సరిగ్గా ఆ పూటే పోయింది, ఫోన్‌లో సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నా నెట్ కదలదు. సాయంత్రానికి రిలీజ్ వెళ్లాలి, బిల్డ్ ఎర్రగా ఉంది. లాగ్ ఎలాగో తెరుచుకుంది గానీ అందులో ఉన్నది ఆ పాత్ ఒక్కటే. రిపోర్టు కావాలంటే వీపీఎన్ ఎక్కి, అన్ని మాడ్యూళ్ల రిపోర్టులూ కట్టగట్టిన జిప్ దింపుకోవాలి. సగం దిగడం, తెగిపోవడం, మళ్లీ మొదలు. "ఏట్రా, గుడికి వస్తావా రావా?" అని మా అత్త గుమ్మంలోంచి కేక. చివరికి తెరిస్తే ఉన్నది ఒకే ఒక్క ఉల్లంఘన: ఎంప్టీక్యాచ్‌బ్లాక్. ఎర్రర్ వస్తే ఏం చేయాలో రాసే క్యాచ్ బ్లాక్‌ను టీంలో కొత్త కుర్రాడు ఖాళీగా వదిలేశాడు. ఆ ఒక్క లైను లాగ్‌లో ఉంటే ఫోన్‌లోనే చూసి వాడికి చెప్పేసేవాణ్ణి.

జావా కంపైలర్‌ను చూడండి. ఫైలు, లైను నంబరు, తప్పేమిటో చెప్పి, ఆ లైనును కూడా చూపించి, తేడా ఉన్న చోట కింద బాణం గుర్తు పెడుతుంది. తప్పులు మరీ ఎక్కువైతే మామూలుగా మొదటి 100 చూపించి ఆపేస్తుంది. తనిఖీల విషయంలోనూ నేను అడిగేది ఇంతే: మొదటి కొన్ని తెరమీద వేసి, మిగతావాటికి లింకు ఇవ్వండి.

విచిత్రమేమిటంటే దీనికి స్విచ్ ఉంది. పీఎండీ సెట్టింగుల్లో కన్సోల్‌అవుట్‌పుట్ అనేదాన్ని ట్రూ చేస్తే అన్నీ లాగ్‌లోనే వచ్చేస్తాయి. డిఫాల్ట్‌గా ఎందుకు ఆపి ఉంచారో మాత్రం నాకు అంతుపట్టదు. కోడ్ రాసే తీరును తనిఖీ చేసే చెక్‌స్టైల్ అనే ఇంకో టూల్‌కైతే ఆ బాధ లేదు, ఉల్లంఘనలన్నీ మొదటినుంచీ తెరమీదే వేస్తుంది. ఈ ఒక్క కారణంతో దాన్ని అందరి దగ్గరా తెగ పొగిడేవాణ్ణి. ఇప్పుడు అంత గట్టిగా పొగడను. దాంతో వచ్చే గూగుల్ స్టైల్ రూళ్ల ఫైలులో అన్నీ వార్నింగులే. గ్రేడిల్ వార్నింగులు ఎన్నున్నా బిల్డ్ ఆపదు. పాత ప్రాజెక్టుకు దాన్ని తగిలిస్తే తెర పొడవునా వార్నింగులు పారతాయి, మనం విడిగా ఎర్రర్‌గా పెట్టుకున్న రూలు వాటి మధ్య ఎక్కడో ఉంటుంది.

ఇంకోటి. కంటిన్యూ ఆప్షన్ ఇవ్వకపోతే మొదటి తనిఖీ ఫెయిలవగానే బిల్డ్ ఆగిపోతుంది. చెక్‌స్టైల్ గొడవ తీర్చి మళ్లీ పంపాక గానీ పీఎండీ గొడవ బయటపడదు. సర్వర్‌లో ఆ ఆప్షన్ పెట్టించాక నాకు సగం టెన్షన్ తగ్గింది.

గ్రేడిల్ మానేస్తానా అంటే, మానను. ఆఫీసులో కూర్చుని, మంచి నెట్ మీద, రిపోర్టులన్నీ ఒకచోట చూపించే డాష్‌బోర్డుతో పనిచేసేవాళ్లకు నా గోల చాదస్తంగా అనిపించవచ్చు. నాలా ఊళ్లో ఉండి ఫోన్ హాట్‌స్పాట్ మీద నెట్టుకొచ్చేవాళ్లు మాత్రం ఆ రెండు సెట్టింగులూ మార్చుకున్నాకే తనిఖీలు ఆన్ చేయండి.