గొణుగుడుతో మొదలయ్యే దేశభక్తి: ‘ది వే ఎహెడ్’

యుద్ధం సాగుతుండగానే దానికి మద్దతుగా తీసిన చిత్రాలను ఇన్నేళ్ల తర్వాత చూడటానికి కొంత ఓపిక అవసరం. వాటిలో చాలావరకు నాయకుడికి భయం తెలియదు, మాటకు ముందు నినాదం వస్తుంది, చివరి దృశ్యం ఏమిటో మొదటి రీలులోనే తెలిసిపోతుంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, క్యారల్ రీడ్ దర్శకత్వంలో 1944లో వచ్చిన బ్రిటిష్ చిత్రం ‘ది వే ఎహెడ్’ను కూడా అదే అనుమానంతో మొదలుపెట్టాను. అయితే ఇందులో అసలు పోరాటం చివర్లో కొద్దిసేపే ఉంటుంది. మిగిలిన సమయమంతా ఇష్టం లేకుండా పటాలంలో చేరిన సామాన్యులు చీవాట్లు తింటూ, కవాతు చేస్తూ, సణుగుతూ గడిపే శిక్షణ కాలానికే చెందుతుంది.

కథ 1940లో ఫ్రాన్స్ తీరంలోని డంకర్క్ నుంచి బ్రిటిష్ సేనలు వెనుదిరిగిన తర్వాతి నిర్బంధ సైనిక సేవ రోజులది. పెద్ద దుకాణంలో అధికారం చలాయించిన డావెన్‌పోర్ట్, నిన్నటిదాకా అతని కింద పనిచేసిన పార్సన్స్, పార్లమెంటు భవనంలో బాయిలరు చూసుకునే బ్రూవర్, స్కాట్లాండ్ రైతు ల్యూక్, మరికొందరు ఒకే బ్యారక్కులో పడతారు. సైన్యం ఒక్క యూనిఫాంతో యజమానినీ గుమాస్తానూ పక్కపక్క మంచాల మీదికి చేర్చినప్పుడు పుట్టే ఇబ్బందిని, ఎరిక్ ఆంబ్లర్, పీటర్ ఉస్తినోవ్ కలిసి రాసిన సంభాషణలు ఉపన్యాసాల జోలికి పోకుండా నవ్విస్తూనే పట్టుకుంటాయి.

చిత్రానికి వెన్నెముక విలియం హార్ట్‌నెల్ పోషించిన సార్జెంట్ ఫ్లెచర్ పాత్ర. (ఇరవై ఏళ్లకు ‘డాక్టర్ హూ’ టెలివిజన్ ధారావాహికలో తొలి డాక్టరుగా కనిపించినది ఈయనే.) శిబిరానికి చేరకముందే ఫ్లెచర్‌తో దురుసుగా మాట్లాడిన కొత్తవాళ్లు, తమ సార్జెంటు ఆయనేనని తెలిసిన క్షణం నుంచి ప్రతి ఆజ్ఞలోనూ పగనే చూస్తారు. చివరికి వారి ప్లటూను (చిన్న సైనిక దళం) అధికారి పెరీ దగ్గరకు ఫిర్యాదు కూడా వెళుతుంది. నిజానికి సార్జెంటుకు వీళ్ల మీద మంచి అభిప్రాయమే ఉందన్న సంగతిని దర్శకుడు మనకు చెప్పే తీరులో ఆర్భాటం లేదు, కన్నీళ్లు అసలే లేవు.

నా దృష్టిలో ఉత్తమమైన ఘట్టం నమూనా యుద్ధానిది. చలిలో, బురదలో విసిగిపోయిన ఈ బృందం ఆ అభ్యాసం తొందరగా ముగిసిపోవాలని కావాలనే ప్రత్యర్థులకు దొరికిపోయి, ఎంతో తెలివైన పని చేశామని మురిసిపోతుంది. తర్వాత పెరీ వారిని నిలబెట్టి మాట్లాడతాడు. అప్పటికి నిజంగానే సైన్యంలో అధికారిగా ఉన్న డేవిడ్ నివెన్ ఈ పాత్రలో గొంతు పెద్దగా పెంచకుండానే, నిజమైన పోరులో పక్కవాడిని నమ్ముకోక తప్పదనీ, మీ పక్కన నిలబడాల్సినవాడి గతేమిటనీ అర్థం వచ్చేలా వారి సిగ్గును తట్టి లేపుతాడు. దేశం, రాజు, జెండా అనే మాటలతో పని లేకుండా ఒక ప్రచార చిత్రం తన పని తాను చేసుకుపోవడం ఇక్కడ స్పష్టంగా కనిపిస్తుంది.

ఓడపై టార్పెడో దాడి ఘట్టం ఉత్కంఠగా ఉన్నా, ఉత్తర ఆఫ్రికాకు చేరాక కథనం కొంత సడలుతుంది. కాఫీ దుకాణం యజమానిగా ఉస్తినోవ్ హాస్యం నాకు అతిగా అనిపించింది. ఇళ్లలోని స్త్రీలకు వీడ్కోలు చెప్పడం, ఎదురుచూడటం తప్ప పెద్దగా పని లేదు. భారతీయ ప్రేక్షకుడికి మరొక లోటు కూడా తోస్తుంది. 1943లో ఉత్తర ఆఫ్రికాలోని ట్యునీషియాలో నాలుగవ భారతీయ డివిజన్ పోరాడింది, అక్కడ లాల్‌బహదూర్ థాపా, ఛేలూరాం బ్రిటన్ అత్యున్నత శౌర్య పురస్కారమైన విక్టోరియా క్రాస్ పొందారు. ఈ చిత్రంలోని ఎడారిలో మాత్రం మనవాళ్ల జాడ లేదు. పశ్చిమ గోదావరి మాధవరం వంటి ఊళ్ల నుంచి పటాలంలో చేరినవారి శిక్షణ రోజులను ఇంత శ్రద్ధగా ఎవరైనా తెరకెక్కించి ఉంటే ఎలా ఉండేదోనని చూస్తున్నంతసేపూ అనిపించింది. ఆ లోటు ఉన్నా, పొగలోకి నడిచి వెళ్లే సైనికులపై ‘సమాప్తం’ అని కాక ‘ఆరంభం’ అని వేసిన ముగింపు, ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో మిత్రసేనలు దిగిన రోజుల్లోనే ఈ చిత్రం విడుదలైందని గుర్తుచేసుకుంటే, మరింత బరువుగా తోస్తుంది.

చూడదలచినవారు ఏ ప్రతిని చూడాలన్న విషయంలో కొంత జాగ్రత్త పడాలి. అమెరికాలో ‘ది ఇమ్మోర్టల్ బెటాలియన్’ పేరుతో విడుదలైన కత్తిరించిన ప్రతే ఇంటర్నెట్‌లో ఉచితంగా తరచు ఎదురవుతుంది. అందులో పోయినవి శిక్షణ కాలపు చిన్నచిన్న ముచ్చట్లు కాబట్టి చిత్రానికి ప్రాణమే తగ్గింది. దాదాపు రెండు గంటల బ్రిటిష్ ప్రతినే వెతకండి. వీలైతే దీనికి మాతృక అయిన, సైన్యం కోసం 1943లో రీడే తీసిన ‘ది న్యూ లాట్’ అనే చిన్న చిత్రాన్ని కూడా చూడండి. చాలాకాలం పోయిందనుకున్న ఆ చిత్రం ప్రతి చివరికి భారతదేశంలోనే దొరికింది. లండన్, స్కాట్లాండ్ యాసలు వేగంగా దొర్లిపోతాయి కనుక సబ్‌టైటిళ్లు ఉన్న ప్రతిని ఎంచుకోవడం మంచిది.