సమీర్ యాప్, సాయంత్రం 4 గంటల బులెటిన్: ఒక డ్రిల్లు మాస్టారి రివ్యూ

విశాఖలో పొద్దున్నే పిల్లల్ని పరుగెత్తించే ప్రతి కోచ్ ఫోన్లోనూ, ఊరి గాలి ఎంత పాడైందో చెప్పే సమీర్ యాప్ ఉండాలి. నేను జ్ఞానాపురం వైపు ఒక స్కూల్లో డ్రిల్లు మాస్టర్ని. డిసెంబరు, జనవరి నెలల్లో ఆరింటికి ప్రాక్టీసు పెట్టాలా, సాయంత్రానికి మార్చాలా అన్నది ఇందులో అంకెలు చూశాకే తేల్చుకుంటాను. నా టీమ్‌లో ఇన్‌హేలర్ జేబులో పెట్టుకుని ఖోఖో ఆడే పిల్లాడు ఉన్నాడు. పరుగెత్తేటప్పుడు పిల్లలు మామూలుకన్నా ఎన్నో రెట్లు గాలి పీలుస్తారు. అందుకే ఇది నాకు ఊరికే తెలుసుకునే విషయం కాదు.

యాప్ కేంద్ర కాలుష్య నియంత్రణ మండలిది, ఉచితం. స్టేషన్లలోని యంత్రాలు కొలిచిన లెక్కలతో గాలి నాణ్యత సూచీ, అదే ఏక్యూఐ, గంటగంటకూ మారుతుంటుంది. అంకె పెరిగితే గాలి పాడైనట్టు. మండలి రోజూ సాయంత్రం 4 గంటల లెక్కతో దేశంలోని నగరాల పట్టికను బులెటిన్‌గా కూడా విడుదల చేస్తుంది. నాకైతే యాప్ కన్నా ఈ బులెటినే ఎక్కువ పనికొస్తుంది. నగరం పేరు, సూచీ, ఆ రోజు గాలిని అన్నిటికన్నా ఎక్కువ పాడుచేసినదేమిటి, చివరి గడిలో ఎన్ని స్టేషన్ల లెక్క ఇది అన్నీ ఉంటాయి. ఆ చివరి గడి దగ్గర చాలామంది ఆగరు. నేను మొదట చూసేది అదే. ఢిల్లీ ఎదురుగా ముప్ఫైకి పైగా స్టేషన్లు కనిపిస్తాయి. విశాఖ ఎదురుగా ఏళ్ల తరబడి కనిపించింది ఒకటే.

ఒక్క స్టేషన్‌తో ఈ ఊరి గాలిని ఎలా చెప్తారు? ఇటు కైలాసగిరి, అటు యారాడ కొండ, మధ్యలో ఊరు, హార్బరు, ఫ్యాక్టరీలు. బీచ్ రోడ్డులో నిలబడితే ఒక గాలి, మల్కాపురంలో ఇంకో గాలి, పరవాడలో మరో గాలి. మా స్కూలు వరండా గచ్చు మీద పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి మళ్లీ నల్లటి పొడి చేరుతుంది. ఆ రోజు సూచీ లేత ఆకుపచ్చలో, అంటే గాలి ఫర్వాలేదనే రంగులో ఉన్నా సరే, పొడి మాత్రం ఉంటుంది. యంత్రం అబద్ధం చెప్తోందని నేను అనను. అది తానున్న చోటి గాలి గురించే చెప్తోంది. వారానికి రెండుసార్లు మనుషులు వెళ్లి నమూనాలు తీసే కేంద్రాలు కూడా ఉన్నాయి. అవి ఏడాదికి 104 రోజుల లెక్క మాత్రమే ఇస్తాయి. రేపు పొద్దున్న ప్రాక్టీసు పెట్టుకోవచ్చా అంటే వాటిలో జవాబు దొరకదు.

కోచ్‌లు, వాకింగ్‌కి వెళ్లేవాళ్లు ముఖ్యంగా గుర్తు పెట్టుకోవాల్సింది ఇంకోటుంది. బులెటిన్‌లో పీఎం 10, పీఎం 2.5, అంటే గాలిలో తేలే సన్నటి, మరీ సన్నటి ధూళి కణాల లెక్కలు 24 గంటల సగటు. చలికాలం తెల్లవారుజామున చల్లగాలి నేలను పట్టుకుని ఉంటుంది, పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. పొగ, ధూళి కింద ఇరుక్కుపోతాయి. ఎండ ఎక్కి, మధ్యాహ్నం సముద్రం గాలి తిరిగాక తేలికపడుతుంది. ఆ పొద్దుటి గాలినీ, ఈ మధ్యాహ్నపు గాలినీ కలిపి సగటు తీస్తే ఆరింటి గాలి అసలు కనపడదు. అందుకే యాప్‌లో స్టేషన్ వివరాల్లోకి వెళ్లి కనిష్ఠం, గరిష్ఠం విడివిడిగా చూడండి. చలికాలంలో మా ప్రాక్టీసు సాయంత్రానికి మారడానికి కారణం ఆ గరిష్ఠం అంకే. మొదట్లో తల్లిదండ్రులు సణిగారు, 'ట్యూషన్ టైమ్ కదా మాస్టారూ' అని. అంకెలు చూపించాక ఒప్పుకున్నారు.

రంగుల విషయంలో నాకు గట్టి అభ్యంతరమే ఉంది. సూచీ 51 నుంచి 100 దాకా 'సంతృప్తికరం'. పీఎం 2.5 క్యూబిక్ మీటరుకు 60 మైక్రోగ్రాములు ఉన్నా సూచీ 100 దగ్గరే ఆగుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఒక రోజుకు చెప్పిన హద్దు 15. అంటే దానికి నాలుగు రెట్లు ఉన్నా మనకు లేత ఆకుపచ్చే. న్యూజెర్సీలో ఉన్న మా తోడల్లుడి కొడుకు ఓ రోజు ఫోన్ చేసి, 'బాబాయ్, నా ఫోన్లో వైజాగ్ 150 దాటి చూపిస్తోంది, పిల్లల్ని బయటికి తీయకండి' అని టెన్షన్ పడ్డాడు. నా యాప్‌లో నూరు. ఇద్దరిదీ తప్పు కాదు. గాలి ఒకటే, అమెరికా కొలమానం వేరు. అందుకే నేను పిల్లలకు సూచీ కాకుండా మైక్రోగ్రాములు చెప్పడం మొదలుపెట్టాను. వాటికి దేశం లేదు.

సూచీలోకి వచ్చేవి ఎనిమిదే: పీఎం 10, పీఎం 2.5, నైట్రోజన్ డయాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, ఓజోన్, అమ్మోనియా, సీసం. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఫ్యాక్టరీ నుంచి లీకై మనుషుల ప్రాణాలు తీసిన స్టైరీన్ గ్యాస్ ఈ ఎనిమిదిలో లేదు. ఫ్యాక్టరీల పక్కన బతికే ఊరికి ఆకుపచ్చ రంగు చూపించి భరోసా ఇవ్వడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. గ్యాస్ లీకులకు వేరే హెచ్చరిక కావాలి, అది తెలుగులో మోగాలి. బులెటిన్లో అయితే తెలుగు ముక్క ఉండదు. మా స్కూలు ఆయా నూకాలు తెలుగు బాగానే చదువుతుంది, కానీ ఆమెకు ఈ పట్టిక ఎందుకూ పనికిరాదు.

ఇన్ని చెప్పినా అయిదుకు మూడున్నర ఇస్తాను, కారణం పాత లెక్కలు. మండలి వెబ్‌సైట్‌లో స్టేషన్, తేదీలు ఎంచుకుంటే ఏళ్ల నాటి కొలతలు ఎవరైనా దించుకోవచ్చు. 2019 జనవరిలో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో విశాఖ కూడా ఉంది. 2017-18తో పోలిస్తే 2025-26 నాటికి పీఎం 10 ని 40 శాతం దాకా తగ్గించాలన్నది లక్ష్యం. తగ్గిందో లేదో ఎవరో వచ్చి చెప్పేదాకా ఆగక్కర్లేదు. మా తొమ్మిదో తరగతి పిల్లలు నెలవారీ సగటులు తీసి చార్టు మీద గీస్తున్నారు. జూలై, ఆగస్టు కిందకి, డిసెంబరు, జనవరి పైకి. చార్టు పూర్తయ్యాక వార్డు కార్పొరేటర్‌కి ఇచ్చి, జ్ఞానాపురంలో ఒక స్టేషన్, గాజువాకలో ఒక స్టేషన్ అడగబోతున్నాం. అర్జీ పిల్లలే రాస్తున్నారు.