పెద్ద ఓడా, చిన్న ఓడా? సముద్రం కోసం వెళ్లేవాళ్లకు ఏది మేలు

మా బావ కాజీపేట రైల్వేలో ముప్పై ఆరేళ్లు పనిచేసి మొన్నే రిటైర్ అయ్యాడు. వచ్చిన డబ్బులో కొంత పక్కన పెట్టి అక్కను ఒక్కసారైనా ఓడ ప్రయాణానికి తీసుకెళ్లాలని ఆయన ఆశ. నేను పెద్దదీ చిన్నదీ రెండూ ఎక్కి వచ్చాను కాబట్టి సలహా నన్నే అడిగాడు. "బామ్మర్దీ, ముందుగాల గిది చెప్పు. గా పెద్ద ఓడ ఎన్ని బోగీలంత ఉంటది?"

మంచి కొలత అది. 2024 జనవరిలో తొలి ప్రయాణం చేసిన ఐకాన్ ఆఫ్ ది సీస్ అనే విహార ఓడ పొడవు దాదాపు 365 మీటర్లు. అంటే పదిహేను బోగీల రైలంత. అంతస్తులు ఇరవై. పూర్తిగా నిండితే ప్రయాణికులే 7,600 మంది. నేను క్రొయేషియాలో ఎక్కిన చిన్న ఓడ సరిగ్గా రెండు బోగీలంత ఉంటుంది. అందులో మేం ముప్పై ఎనిమిది మందిమి.

పెద్ద ఓడ సంగతి ముందు చెప్తాను. మూడేళ్ల కింద పిల్లలతో, మరదలు కుటుంబంతో కలిసి తొమ్మిది మందిమి ముంబైలో ఎక్కాం. హాయిగానే గడిచింది. పిల్లలకు స్విమ్మింగ్ పూల్, రాత్రిళ్లు షోలు, మూడు పూటలా మన తిండి. లిఫ్టు ఉంది, డాక్టరు ఉన్నాడు. ఇలాంటి ఓడలకు నీటి కింద రెండు పక్కలా రెక్కల్లాంటి స్టెబిలైజర్లు ఉంటాయి. అల తగిలినా ఓడ పెద్దగా ఒరగదు. మా అత్తమ్మ అయితే ఓడ కదులుతున్నదా ఆగిందా అని రెండుసార్లు అడిగింది.

మూడో రోజు లక్షద్వీప్‌లో దిగాలి. ఓడ దూరంగా లంగరు వేసి ఆగింది. పెద్ద ఓడ తీరం దాకా పోలేదు, అక్కడినుంచి పడవల్లో తీసుకెళ్లాలి. ఆ పొద్దున అలలు ఎక్కువగా ఉన్నాయని పడవలు దింపలేదు. పచ్చటి కొబ్బరి చెట్లు, తెల్లటి ఇసుక కళ్లెదుటే ఉన్నా రోజంతా రెయిలింగ్ పట్టుకుని చూస్తూ నిలబడ్డాం. అలల్లో పడవలు దింపకపోవడం తప్పేం కాదు, ప్రాణాల కంటే ఎక్కువేమీ లేదు. కానీ పదో అంతస్తు నుంచి చూసిన ఆ సముద్రం, గుట్ట ఎక్కి భద్రకాళి చెరువును చూసినట్టే ఉంది. నాలుగు రోజుల్లో ఒక్క నీటి తుంపర కూడా నా మీద పడలేదు.

నీటికీ మనకూ మధ్య ఎంత ఎత్తు ఉందన్నదే ఈ రెండు రకాల ఓడలకూ అసలు తేడా అని నాకు అప్పుడే అర్థమైంది.

చిన్న ఓడకు మా అమ్మాయి టికెట్లు తీసింది. తను జర్మనీలో ఉద్యోగం చేస్తుంది. క్రొయేషియాలోని స్ప్లిట్ అనే ఊళ్లో ఎక్కి వారం రోజుల్లో దుబ్రోవ్నిక్ అనే ఇంకో రేవు ఊరు చేరాం. పగలు ప్రయాణం, రాత్రి ఏదో ఒక ఊరి గట్టున ఆగడం. మధ్యాహ్నం కెప్టెన్ ఏదైనా నిర్మానుష్యమైన మలుపులో ఇంజిన్ ఆపేసేవాడు. వెనకవైపు నిచ్చెన దింపితే నేరుగా సముద్రంలోకే. చిన్నప్పుడు సొరబుర్ర కట్టుకుని మోట బావిలో నేర్చుకున్న ఈత నాకు అక్కడ పనికొచ్చింది. ఉప్పు ఎక్కువ కాబట్టి ఒళ్లు దానంతట అదే తేలుతుంది. కింద రాళ్ల మీద నా నీడ కదలడం కనిపించింది. అంత లోతులో నా నీడను నేను అంతకుముందెప్పుడూ చూడలేదు.

రాత్రి ఊళ్లో గట్టు నిండిపోతే ఓడలను ఒకదాని పక్కన ఒకటి తాళ్లతో కట్టేస్తారు. దిగాలంటే పక్క ఓడ మీదుగా నడిచిపోవాలి. వాడలో పక్కింటి అరుగు మీదుగా పోయినట్టే, వాళ్లు భోంచేస్తుంటే పలకరించి దాటేవాళ్లం.

అలా కోర్చులా అనే దీవిలో కోటగోడల దగ్గరే దిగాం. పాతకాలపు యాత్రికుడు మార్కో పోలో తమ ఊళ్లోనే పుట్టాడని ఆ ఊరివాళ్లు చెప్పుకుంటారు. వెనిస్ వాళ్లు ఒప్పుకోరు. ఎవరి మాట నిజమైనా నాకు మాత్రం ఒళ్లు పులకరించింది. ఆయన వచ్చి చూసిన మోటుపల్లి రేవు మన కాకతీయులదే కదా. ఆ రాజ్యాన్ని ఏలే రాణిని ఎంతో పొగిడాడు. ఆవిడ మన రుద్రమదేవే అని చరిత్రకారుల మాట. అక్కడి బట్ట సాలెగూడంత సన్నగా ఉందనీ రాశాడు. ఆమె తండ్రి గణపతిదేవుడు అదే రేవులో 1244లో అభయ శాసనం వేయించాడు. అంతకుముందు తుఫానుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా రాజులు లాక్కునేవాళ్లు. ఇక సుంకం తప్ప ఏమీ తీసుకోమని ఆయన మాటిచ్చాడు. ఓరుగల్లుకు సముద్రం లేదంటారు గానీ, ఓడ మునిగినవాడి కష్టం తెలిసిన ఊరు మనది. రాత్రి డెక్ మీద కూర్చుని ఇదంతా చెప్తే పక్కనున్న జర్మన్ దంపతులు నోరు తెరుచుకుని విన్నారు. ముప్పై ఎనిమిది మందే కాబట్టి మూడో రోజుకల్లా అందరి పేర్లూ తెలిసిపోయాయి.

చిన్న ఓడ వెళ్లగలిగే చోట్లు కూడా వేరు. అంటార్కిటికాలో 500 మందికి మించి ప్రయాణికులున్న ఓడలు ఎవరినీ నేల మీద దించకూడదు. చిన్న ఓడలైనా ఒక చోట ఒకేసారి వంద మందినే దించాలి. గాలాపగోస్ దీవుల్లో తిరిగే ఓడలకు వంద మందే పరిమితి. వెనిస్‌లో ఊరి నడిమి కాలువలోకి 25,000 టన్నులు దాటిన ఓడలను 2021 ఆగస్టు నుంచి రానివ్వడం లేదు.

చిన్న ఓడతో ఇబ్బందులూ ఉన్నాయి. ఒక మధ్యాహ్నం యుగో అనే ఆగ్నేయపు గాలి లేచింది. గంటన్నర సేపు ఓడ ఊగిన ఊగుడుకు నేను రెండుసార్లు వాంతి చేసుకున్నాను. కెప్టెన్ అనుకున్న దీవి వదిలేసి దగ్గర్లోని మరుగుకు పోయాడు. లిఫ్టు లేదు, మెట్లు నిటారుగా ఉంటాయి. వంటవాడు ఒక్కడే. శాకాహారమని ముందే చెప్పకపోతే చేపలే పెడతాడు. రోజువారీ ఖర్చు కూడా పెద్ద ఓడకు ముందుగా కట్టే టికెట్ కంటే ఎక్కువే. అయితే పెద్ద ఓడలో వైఫై, మందు, తీరం మీద తిప్పడం అన్నీ విడిగా వసూలు చేస్తారు. దిగేటప్పుడు బిల్లు చూస్తే తేడా అంతగా ఉండదు.

ఈ రెంటికీ నడుమ కొచ్చి నుంచి లక్షద్వీప్‌కు వెళ్లే ప్రభుత్వ ఓడలున్నాయి. అందులో ఎంవీ కవరత్తి 700 మందిది. ఆ దీవులకు పర్మిట్ ముందే తీసుకోవాలి. యూరప్ ఖర్చు భరించలేమనుకునేవాళ్లు దాని గురించి కనుక్కోండి.

చిన్న పిల్లలున్నా, గుండె జబ్బున్నా, పదిమంది బంధువులతో సందడిగా గడపాలనుకున్నా నేను పెద్ద ఓడకే ఓటేస్తాను. అక్కా బావలకు మాత్రం చిన్న ఓడే చెప్పాను. ఇద్దరికీ మోకాళ్లు బాగానే ఉన్నాయి, ఇద్దరికీ జనం గోల పడదు. అక్క లక్నవరంలో బోటెక్కితే ఇప్పటికీ నీళ్లలో చెయ్యి పెట్టకుండా దిగదు.

సెప్టెంబర్‌లో వెళ్లమన్నాను. జనం పల్చబడతారు, నీళ్లు ఇంకా వెచ్చగానే ఉంటాయి. గది ఓడ నడుమ, కింది డెక్‌లో అడగమన్నాను. ఊగుడు తక్కువగా ఉండేది అక్కడే. క్రొయేషియా 2023 జనవరిలో షెంగెన్‌లో, అంటే ఒకే వీసాతో తిరగగలిగే యూరప్ దేశాల జట్టులో, చేరింది కాబట్టి ఆ వీసా సరిపోతుంది. బావ పాస్‌పోర్టుకు ఫోటో దిగి వచ్చాడు. అక్క కరివేపాకు పొడి ఎంత పట్టించాలో లెక్కేస్తోంది.