ట్రకియాస్టమీ పేషెంట్‌కి సక్షన్: ఓపెన్ మేలా, క్లోజ్డ్ మేలా?

తలకు దెబ్బ తగిలి స్పృహలో లేనివాళ్లు, పురుగుమందు తాగి వారాల తరబడి వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లు, గులియన్ బారీ సిండ్రోమ్‌తో కాళ్లూ చేతులూ చచ్చుబడినవాళ్లు... మన ఐసీయూల్లో ట్రకియాస్టమీ (మెడ ముందు రంధ్రం చేసి శ్వాసనాళంలోకి ట్యూబు పెట్టడం) పడేది ఎక్కువగా ఇలాంటివాళ్లకే. తెమడను గట్టిగా దగ్గి బయటకు తెచ్చే శక్తి వీళ్లకు ఉండదు. తెమడను ట్యూబులోంచి లాగే ఆ పని, అంటే సక్షన్, నర్సు చేతుల మీదుగానే జరగాలి.

ఓపెన్ సక్షన్ అంటే వెంటిలేటర్ గొట్టం విప్పి, స్టెరైల్ గ్లౌజుతో కొత్త క్యాథెటర్ (సన్నని గొట్టం) లోపలికి పంపి, తెమడ లాగి, ఆ క్యాథెటర్‌ని పారేయడం. క్లోజ్డ్‌లో ప్లాస్టిక్ తొడుగు ఉన్న క్యాథెటర్ వెంటిలేటర్ గొట్టాలకే (సర్క్యూట్‌కే) అమర్చి ఉంటుంది. వెంటిలేటర్ విప్పకుండానే లాగొచ్చు. రకాన్ని బట్టి 24 గంటలో, 72 గంటలో అదే వాడతారు.

"సిస్టర్, ఆ ఖరీదైన పైపు పెడితే మా నాన్నకు నిమ్ము చేయదంట కదా?" అని అటెండర్లు అడుగుతుంటారు. సిబ్బందిలోనూ ఈ నమ్మకం ఉంది. కానీ వెంటిలేటర్ వల్ల వచ్చే న్యుమోనియాలో గానీ, మరణాల్లో గానీ ఈ రెండు పద్ధతుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదని 2007లో వచ్చిన కోక్రేన్ సమీక్ష (అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నిటినీ కలిపి చూసేది) తేల్చింది. న్యుమోనియాను ఆపడానికి చేతులు కడగడం, తల వైపు 30 డిగ్రీలు ఎత్తి ఉంచడం, నోరు శుభ్రం చేయడం, కఫ్ (ట్యూబు చివర గాలి నింపే బుడగ) ప్రెషర్‌ని 20 నుంచి 30 సెంటీమీటర్ల నీటి పీడనం మధ్య నిలపడం కావాలి. క్లోజ్డ్ సెట్ వాటికి బదులు కాదు.

దాని అసలు బలం ఆక్సిజన్ దగ్గర ఉంది. గొట్టం విప్పిన క్షణంలో పీప్ (ఊపిరి వదిలాక కూడా వెంటిలేటర్ లోపల నిలిపి ఉంచే పీడనం) సున్నాకి పడిపోతుంది. ఆ పీడనంతో తెరిచి ఉన్న గాలి గదులు మూసుకుపోతాయి, సాచురేషన్ (రక్తంలో ఆక్సిజన్ శాతం) జారుతుంది. మళ్లీ కలిపిన వెంటనే అవన్నీ తెరుచుకోవు. పీప్ 10, ఆక్సిజన్ 60 శాతం మీద ఉన్న ఏఆర్‌డీఎస్ (ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్న స్థితి) పేషెంట్‌కి రోజులో చాలాసార్లు ఇలా విప్పడం నేను ఒప్పుకోను. అక్కడ క్లోజ్డే మేలు. టీబీ, కోవిడ్ లాంటివి ఉన్నా, అనుమానం ఉన్నా అంతే. విప్పినప్పుడు వచ్చే ఒక్క దగ్గుతో తుంపరలు నేరుగా సిస్టర్ మొహం మీదికి వస్తాయి.

అయితే క్లోజ్డ్‌తో వచ్చే ఇబ్బందులు చిన్నవి కావు. సెట్ బరువు ట్యూబుని లాగుతుంది. ట్రకియాస్టమీ చేసిన మొదటి వారంలో మెడలో చేసిన ఆ దారి ఇంకా గట్టిపడదు. అప్పుడు ట్యూబు ఊడితే గుడ్డిగా తిరిగి దూర్చడం ప్రమాదం. అందుకే సర్క్యూట్‌కి ఆసరా పెట్టాలి, పక్కకు తిప్పేటప్పుడు ఒకరు ట్యూబుని పట్టుకోవాలి. ఇంకొకటి, ట్రకియాస్టమీకి పొట్టి సెట్ వేరే ఉంటుంది. నోటి ట్యూబుకి వాడే పొడుగు సెట్ తగిలిస్తే క్యాథెటర్ అవసరానికి మించి లోపలికి వెళ్లి శ్వాసనాళాన్ని గీరుతుంది. పని అయ్యాక క్యాథెటర్ మీది గుర్తు కనిపించేదాకా వెనక్కి లాగకపోతే అది ట్యూబులోనే ఉండి ఊపిరికి అడ్డుపడుతుంది. క్యాథెటర్ కడిగేటప్పుడు ముందు సక్షన్ నొక్కి పట్టి, ఆ తర్వాతే సెలైన్ వదలాలి, లేకపోతే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

అన్నిటికంటే నాకు బాధ కలిగించేది ఇంకొకటి. చేతికి అందుబాటులో ఉందని గంటగంటకీ సక్షన్ చేసేస్తారు. ఛార్టులో టైమ్ అయిందని కాదు, అవసరం కనిపించినప్పుడే చేయాలి. వెంటిలేటర్ తెర మీది ఫ్లో గ్రాఫ్‌లో రంపపు పళ్లలాంటి గీతలు రావడం, శ్వాసనాళం మీద గరగర వినిపించడం, ట్యూబులో తెమడ కనిపించడం, ఇవీ సూచనలు.

వెంటిలేటర్ నుంచి బయటపడి టీ-పీస్ మీదికో ట్రాక్ మాస్క్ మీదికో (సొంతంగా ఊపిరి తీసుకునేవాళ్ల ట్యూబు దగ్గర ఆక్సిజన్ అందించేవి) వచ్చాక లెక్క మారుతుంది. కాపాడుకోవాల్సిన పీప్ లేదు, విప్పాల్సిన సర్క్యూట్ లేదు. అప్పుడు క్లోజ్డ్ సెట్ ట్యూబు మీద వట్టి బరువే. ఓపెన్‌లో ప్రతిసారీ క్యాథెటర్ కొత్తది, దగ్గుతో పైకి వచ్చిన తెమడను అక్కడికక్కడే అందుకోవచ్చు.

ఏ పద్ధతైనా మారని సంగతులు కొన్ని ఉన్నాయి. క్యాథెటర్ లావు ట్యూబు లోపలి వ్యాసంలో సగం దాటకూడదు, అంటే 8 నంబరు (లోపలి వ్యాసం 8 మి.మీ.) ట్యూబుకి 12 ఫ్రెంచ్ (4 మి.మీ.) క్యాథెటర్. లాగే పీడనం 80 నుంచి 120 mmHg, తెమడ చిక్కగా ఉంటే 150 దాకా. ఒక్కోసారి 15 సెకన్లకు మించొద్దు. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లకి ముందు 30 నుంచి 60 సెకన్లు నూరు శాతం ఆక్సిజన్. తెమడ గట్టిగా ఉందని ప్రతిసారీ ట్యూబులో సెలైన్ పోసే అలవాటు వదలాలి. గట్టిపడుతోందంటే గాలికి తేమ చాలడం లేదని అర్థం, హెచ్‌ఎంఈ ఫిల్టర్ (పేషెంట్ ఊపిరిలోని తేమనే పట్టి తిరిగి ఇచ్చేది) తీసి హీటెడ్ హ్యూమిడిఫైయర్ (నీటిని వేడిచేసి గాలికి తేమ ఇచ్చేది) పెట్టమని డాక్టరుని అడగాలి.

ఖర్చు మాటకొస్తే క్లోజ్డ్ సెట్ మామూలు క్యాథెటర్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. స్టోర్‌లో సెట్లు తక్కువగా ఉన్న రోజు, పీప్ ఎక్కువున్న బెడ్‌కీ టీబీ అనుమానం ఉన్న బెడ్‌కీ ముందు ఇవ్వండి. మిగతావాళ్లకి ఓపెనే చేయండి, ఇద్దరు సిస్టర్లు కలిసి: ఒకరు గొట్టం విప్పి కలపడానికి, ఒకరు లాగడానికి.