సీతంపేట కొండలకి వెళ్లాం: "ఈ వారం ఆ ఊరు వద్దండి" అని చెప్పిన జీపు గైడు గురించి నా రివ్యూ

జనవరి ఆఖర్లో ఆది, సోమవారాలు కలిసొచ్చేలా చూసుకుని సీతంపేట ఏజెన్సీకి వెళ్లొచ్చాం, మేమిద్దరం, పిల్లలిద్దరు, మా అత్తయ్య. శ్రీకాకుళంలో ఇన్నేళ్లుగా ఉంటూ అరకు నాలుగు సార్లు చూశాం గానీ పాలకొండ దాటి పైకి ఒక్కసారి కూడా వెళ్లలేదు. ఈ రివ్యూ అక్కడ జీపు నడుపుతూ గైడుగా కూడా వచ్చే ఒక సవర (అక్కడి గిరిజన తెగ) కుర్రాడి సర్వీసు గురించి. దానికి బోర్డు లేదు, పేరు లేదు, ఆన్‌లైన్ బుకింగ్ లేదు. అందుకే రాయాలనిపించింది, ఎవరో ఒకరు రాయకపోతే తెలిసే దారి లేదు కదా.

ముందు టౌన్‌లో ఒక ట్రావెల్స్ వాళ్లని అడిగాం, వాళ్ల పేరు రాయను. రెండ్రోజుల ప్యాకేజీ చెప్పారు, రాత్రి క్యాంప్‌ఫైరు, ట్రైబల్ డాన్సు, వాళ్ల బట్టలు మనకి వేసి ఫోటోలు తీయడం, అన్నీ కలిపి మనిషికి ఇంత అని. ఏ ఊరండీ అని అడిగితే "ఏదో ఒక ఊరు చూసి పెడతాంలెండి" అన్నాడాయన. ఆ మాట నాకు గుచ్చుకుంది. అక్కడ మనుషులుంటారు, వాళ్ల పొలం పనులుంటాయి, పండగలుంటాయి, చావులుంటాయి, మనం వస్తున్నామని సాయంత్రం ఆరింటికి డప్పులు పట్టుకుని నిలబడమని ఎవరు చెప్తారు వాళ్లకి, ఎలా చెప్తారు? ఆ ప్యాకేజీ వద్దనుకున్నాం.

తర్వాత మా స్కూల్లో పనిచేసే మేడమ్ ఒకావిడ, ఇంతకుముందు సీతంపేట మండలంలో చేసింది, ఈ తమ్ముడి నంబరు ఇచ్చింది. ఫోన్ చేస్తే రేటు చెప్పకముందే "ఏం చూడాలనుకుంటున్నారక్కా?" అని అడిగాడు. సవర బొమ్మలు, అంటే వాళ్లు గోడల మీద వేసే చిత్రాలు, చూడాలి, కుదిరితే కందికొత్తలు (కొత్త కందుల పండగ) జరిగే టైమ్‌లో రావాలి, సోమవారం సంత చూడాలి అని చెప్పాను. "సంతకి ఎవరైనా రావచ్చు. బొమ్మలకి వేసేవాళ్లని అడుగుతాను. కొత్తలకి మాత్రం ఊరి పెద్దలు ఒప్పుకోవాలి, రెండ్రోజులు ఆగండి" అన్నాడు. నిజంగానే రెండ్రోజులు ఆగి తనే చేశాడు. మేము అనుకున్న ఊళ్లో ఒకాయన పోయారట, ఈ వారం ఆ ఊరు వద్దండి అన్నాడు, పక్క ఊళ్లో కొత్తలున్నాయి, పూజ అయ్యాక మధ్యాహ్నం నుంచి రావచ్చు, పూజ దగ్గర ఫోన్లు తీయకూడదు, ఇది ఒప్పుకుంటేనే రండి అని చెప్పీసాడు. డబ్బులిచ్చే కస్టమర్‌కి ఇలా ముందే చెప్పేవాళ్లని నేను ఇంతవరకు చూడలేదు. నేను ఫుల్ మార్కులు వేసింది దీనికే.

ఇక వెళ్లే దారి. శ్రీకాకుళం నుంచి ఆమదాలవలస మీదుగా పాలకొండ, అక్కడ కోటదుర్గమ్మకి దణ్ణం పెట్టుకుని టిఫిన్ తినీసి సీతంపేట. రైల్లో వచ్చేవాళ్లయితే ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో దిగితే చాలు, పాలకొండ నుంచి ఆర్టీసీ బస్సులున్నాయి. 2022 ఏప్రిల్ 4 నుంచి సీతంపేట, పాలకొండ రెండూ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లిపోయాయి, మ్యాప్‌లో వెతికేటప్పుడు కన్‌ఫ్యూజ్ అవ్వకండి. మా అత్తయ్యకి మాత్రం అదంతా ఇప్పటికీ సికాకులమే, ఆవిడది పాలకొండ పక్క ఊరు, చిన్నప్పుడు వాళ్ల నాన్నతో చింతపండుకీ కొండచీపుర్లకీ ఈ సంతకి వచ్చేదంట.

మా కారు సీతంపేటలో పెట్టీసి జీపెక్కాం. ఆడలి వ్యూ పాయింటుకి వెళ్లే ఘాట్ రోడ్డు బాగా ఏటవాలు, మలుపులు గట్టిగా ఉన్నాయి, కొత్తగా డ్రైవింగ్ నేర్చుకున్నవాళ్లు సొంత బండి తీసుకెళ్లకండి దయచేసి. పొద్దున్నే వెళ్తే మబ్బులు మన కాళ్ల కింద ఉన్నట్టుంటుంది, ఎండెక్కాక వెళ్తే మామూలుగా ఉంటుంది, అంతే తేడా. మెట్టుగూడ జలపాతం జనవరికి సన్నబడిపోయింది, పిల్లలు తడిసి ఆడుకున్నారు. నీళ్ల కోసమే వెళ్లేవాళ్లు వానలయ్యాక వెళ్లండి.

అసలు విషయం ఊళ్లలో ఉంది. సవర బొమ్మలు వేసే వాళ్లింటికి తీసుకెళ్లాడు. ఎర్రమట్టి అలికిన గోడ మీద తెల్లటి బియ్యప్పిండితో సన్నటి గీతలు, మనుషులు, చెట్లు, నెమళ్లు, సూర్యుడు చంద్రుడు, వరసగా చేతులు పట్టుకుని ఆడుతున్నవాళ్లు. దీన్ని ఎడిసింగ్ అంటారు. మనం షాపుల్లో బ్యాగుల మీద, చీరల మీద చూసి డిజైన్ అనుకుంటాం గానీ అసలైతే ఇది ఇంటి లోపల గోడ మీద పెద్దల కోసం, దేవుళ్ల కోసం పూజతో వేసేదంట. అందుకని లోపలి గోడది ఫోటో తీయొద్దన్నారు, అమ్మకానికి గుడ్డ మీద, కాగితం మీద వేసినవి తీసుకోవచ్చన్నారు. రెండు కొన్నాం, ఒకటి 800, ఒకటి 1,200. బేరం ఆడలేదు, ఎవరూ ఆడొద్దు. మూడు రోజులు వంగి కూర్చుని వేసింది అది.

వాళ్లు వాళ్లలో వాళ్లు మాట్లాడుకునేది సవర భాష, మన తెలుగుకి దానికీ చుట్టరికం లేదు, ముండా కుటుంబం భాష అది. మన గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారిని ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని దండలేసి వదిలేస్తాం, ఆయన పర్లాకిమిడిలో ఉద్యోగం చేస్తూ ఈ భాష నేర్చుకుని 1931లో సవర వ్యాకరణం, 1938లో సవర నిఘంటువు తెచ్చారు. ఏటా స్కూల్లో ఆయన గురించి స్పీచ్ చెప్పే నేను ఒక్క సవర ముక్క కూడా రాకుండా ఆ అరుగు మీద కూర్చున్నాను, నిజంగా బాధేసింది. మా పాప మాత్రం అక్కడి పిల్లల దగ్గర పది మాటలు నోట్‌బుక్కులో తెలుగు లిపిలో రాసుకుని వచ్చింది.

ఇప్పుడు కొత్తల సంగతి. దారిలో ఇంకో ఊళ్లో జీపు దిగి గట్టు మీద నడుస్తుంటే కంది చేను కాయలతో నిండుగా ఉంది, మా బాబు చెయ్యి చాపి ఒక కాయ తెంపబోయాడు. గైడు తమ్ముడు గబుక్కున వాడి చెయ్యి పట్టుకుని, కోపంగా కాదు, నవ్వుతూనే, "ఈ ఊళ్లో ఇంకా కొత్తలు కాలేదు నాన్నా, మేమే ముట్టలేదు" అన్నాడు. పంట చేతికొచ్చాక ముందు అమ్మవారికి పెట్టి, పెద్దలకి పెట్టి, అప్పుడే ఊరంతా తింటారు. కందులకి కందికొత్తలు, మామిడికాయలకి మామిడి కొత్తలు, అలా పంట పంటకీ ఉంది. ఆకలేసినా ఇంటి ముందు కాసిందే అయినా కొత్తలు కాకుండా నోట్లో పెట్టరు. మా అత్తయ్య అది విని చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత "మన ఇంట్లో కూడా మా అమ్మ కొత్త బియ్యం దేవుడికి వండకుండా మాకు పెట్టేది కాదు, మనం ఎప్పుడు మానీసాం?" అంది. నా దగ్గర జవాబు లేదు.

కొత్తలు జరిగిన ఊళ్లో మధ్యాహ్నం రెండు దాటాక వెళ్లాం. డప్పులు, సన్నాయి మోగుతున్నాయి, ఆడవాళ్లు ఒకరి నడుం ఒకరు పట్టుకుని వరసగా ఆడుతున్నారు, మా కోసం కాదు, మేము వచ్చామని ఆపలేదు, మేము వెళ్తున్నామని చూడలేదు. ఒక ముసలావిడ మాత్రం మా పాప చెయ్యి పట్టుకుని వరసలోకి లాగింది. నేను ఫోన్ తీయలేదు. ఇంటికొచ్చాక ఫోటో లేదే అని మా ఆయన అన్నారు గానీ మా పాప ఆ అడుగులు ఇప్పటికీ హాల్లో వేసి చూపిస్తుంది.

భోజనం గైడు వాళ్లింట్లోనే, అడ్డాకు విస్తట్లో సామ అన్నం, కొత్త కందిపప్పు, నాటుకోడి కూర. ఆ పప్పులో ఉప్పు, మిరపకాయ తప్ప ఇంకేం వేసినట్టు లేదు, అయినా అంత రుచి నాకు తెలీదు. పొద్దున చోడి (రాగి) అంబలి ఇచ్చారు. రాత్రి పడుకోవడానికి సీతంపేటలో రూమ్ తీసుకున్నాం, ఊళ్లో ఉంటామని నేను అడిగితే అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, మెట్ల బాత్‌రూమ్ కష్టం అని తనే వద్దన్నాడు. చీకటి పడకముందే దించీసాడు కూడా. ఒడిశా లఖారీ అడవుల నుంచి వచ్చిన ఏనుగులు ఏళ్ల తరబడి మన్యంలో తిరుగుతున్నాయి, మనుషులు పోయారు, పంటలు పోయాయి, కాబట్టి రాత్రి పూట ఆ రోడ్ల మీద సరదా డ్రైవింగ్ పెట్టుకోకండి.

సోమవారం సంతకి పొద్దున ఏడున్నరకల్లా వెళ్లండి, పదకొండు దాటితే మంచి సరుకు అయిపోతుంది. పసుపు కొమ్ములు, అల్లం, చింతపండు, కొండచీపుర్లు, కందులు, అన్నీ తలమీద మోసుకుని కొండ దిగి వచ్చిన సరుకు. అక్కడ నాకు నచ్చనిది ఒకటి చూశాను. కింద నుంచి వచ్చిన వ్యాపారి ఒకాయన సంత మొదట్లోనే ఒక సవర ఆవిడ బుట్ట మీద చెయ్యేసి దింపీసుకుని, ఆవిడ రేటు చెప్పకముందే తనే రేటు చెప్పి కొలిచీసుకుంటున్నాడు. తేనె, చింతపండు లాంటి అడవి సరుకుకి సరైన ధర రావాలనే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు, మనం జీసీసీ అంటామే అదే. అయినా సంతలో బుట్ట దింపే చేతులు ఇంకా ఉన్నాయి. మా అత్తయ్య ఆ పక్కనే ఇంకో ఆవిడ దగ్గర కూర్చుని పసుపు తీసుకుని, చెప్పినంతా ఇచ్చి, పైన ఇరవై రూపాయలు ఇవ్వబోతే ఆవిడ డబ్బులు తీసుకోకుండా ఇంకో గుప్పెడు కొమ్ములు వేసింది.

లోపాలు కూడా చెప్పాలి. జీపు సీట్లు బాగా అరిగిపోయాయి, నడుం నొప్పి ఉన్నవాళ్లు దిండు తెచ్చుకోండి. ఆదివారం భోజనం చాలా లేటైంది, పిల్లలు ఆకలికి ఆగలేకపోయారు, బిస్కెట్లు ఉంచుకోండి. ఫోన్ పే ఉంది గానీ పైన సిగ్నల్ ఉండదు, క్యాష్ పట్టుకెళ్లాలి. ఏ ఊళ్లో ఎంతసేపు అనేది ముందే కాగితం మీద రాసిస్తే బావుంటుందని తనకే చెప్పాను, సరే అక్కా అన్నాడు. జీపు, గైడు, రెండ్రోజుల తిండి కలిపి ఐదుగురికి 7,500 తీసుకున్నాడు, అందులో కొంత కొత్తలు జరిగిన ఊరి పెద్దల చేతిలో మా ముందే పెట్టాడు. వానాకాలంలో వెళ్తే దోమతెర, దోమల క్రీము తప్పనిసరి, అక్కడ మలేరియా ఉంది.

నంబరు ఇక్కడ పెట్టను, తనని అడక్కుండా పెట్టడం బాగోదు. సీతంపేటలో జీపులు ఆగే చోట, బొమ్మల ఊళ్లకి తీసుకెళ్లే సవర కుర్రాడు అని అడిగితే చూపిస్తారు. నంబరు దొరికితే రాత్రి ఏడు తర్వాత చేయండి, పగలంతా పోడులో (కొండ మీద చేనులో) ఉంటాడు. మేము అనాసపళ్ల టైమ్‌కి జూన్‌లో మళ్లీ వస్తామని చెప్పాం. "వాన ఎలా ఉందో చూసి చెప్తాను, అప్పటిదాకా టికెట్లు తీయకండి" అన్నాడు. తీయలేదు, ఫోన్ కోసం చూస్తున్నాం.