ఎక్స్‌పల్స్ 200 4వీ: కాళ్లు పూర్తిగా అందవు, అయినా కొత్తవాళ్లకి నేను చెప్పేది ఇదే

నా హీరో ఎక్స్‌పల్స్ 200 4వీ, అంటే రోడ్డు మీదా మట్టిలోనూ తొక్కే బైక్, ఎలా ఉంది అని అడిగే ప్రతి ఒక్కరూ నిజానికి అడగాలనుకునేది "నీకు కాళ్లు అందుతాయా" అనే కాబట్టి ముందు అదే చెప్పేస్తా. నా హైట్ ఐదడుగుల మూడంగుళాలు, ఈ బండి సీటు 825 మిల్లీమీటర్లు. రెండు కాళ్లూ పెడితే మునివేళ్లు మాత్రమే తగుల్తాయి. బెంగళూరు మారతహళ్లిలో ఉంటా, ఆఫీసు వైట్‌ఫీల్డ్, సొంతూరు మదనపల్లె, అంటే రోజూ ఈ ట్రాఫిక్‌లో ఆగుతూ లేస్తూ పోవాల్సిందే, అయినా ఇబ్బంది లేదు, ఎందుకంటే రెండు కాళ్లు పెట్టాలన్న ఆలోచనే మానేశా. ఆగబోయే ముందు నడుం కాస్త ఎడమకి జరిపి ఎడమ పాదం పూర్తిగా ఆనించి, కుడికాలు వెనక బ్రేక్ మీదే ఉంచేయాలి. సిల్క్ బోర్డ్ ఫ్లైఓవర్ ఎక్కుడులో ట్రాఫిక్ ఆగినా బండి వెనక్కి జారదు. ఇంకోటి ఎవరూ చెప్పరు, మన రోడ్లు అంచుల వైపు వాలుగా ఉంటాయి కదా, బాగా ఎడమకి వెళ్లి ఆపితే నేల ఇంకా కిందకి పోతుంది, కాలు అక్కడే తడబడుతుంది. ఆగేచోటు ముందే చూసుకోవాలి, వారంలో అలవాటైపోద్ది.

కాగితం మీద 825 అంటే భయమేస్తుంది కానీ సస్పెన్షన్ ముందు 190, వెనక 170 మిల్లీమీటర్లు ఆడుతుంది, మనం కూర్చోగానే కాస్త కిందకి దిగుతుంది, పైగా సీటు ముందు భాగం సన్నం. ఇదే బండిలో ఎత్తు పెంచిన ప్రో వేరియంట్ జోలికి మాత్రం పోకండి, దాని సీటు 891, ఆరడుగుల వాళ్లకి వదిలేయండి. యాక్సెసరీస్ షాపులో "లోయరింగ్ లింక్ వేసేద్దాం మేడమ్, రెండు ఇంచులు తగ్గుద్ది" అంటారు, నేను వద్దన్నా. 220 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ కోసమే కదా ఈ బండి కొనేది, దాన్ని మనమే కోసేసుకోవడం ఎందుకు, పైగా బండి కిందకి దిగితే సైడ్ స్టాండ్ పొడుగైపోయి బండి నిటారుగా నిలబడుద్ది, చిన్న గాలికి కూడా కుడివైపుకి పడుద్ది. మందం సోల్ ఉన్న బూట్లు కొనుక్కోండి, చాలు.

అసలు విషయం బరువు. కొత్తగా నేర్చుకునే వాళ్లు సీసీ చూస్తారు, పవర్ చూస్తారు, బండి పడ్డాక ఎవరు లేపుతారో చూడరు. మట్టిలో తొక్కితే పడుద్ది, పడనివాళ్లు లేరు. దొడ్డబళ్లాపుర దగ్గర గుండంగెరె చెరువు ఒడ్డుకి ఆదివారం పొద్దున వెళ్లి చూడండి, ఎంత పెద్ద బండి ఉంటే చుట్టూ అంతమంది నిలబడి లేపుతుంటారు. ఇది 159 కిలోలు. కుడివైపుకి పడితే ముందు సైడ్ స్టాండ్ బయటికి తెరిచిపెట్టి, గేర్‌లో వేసి, హ్యాండిల్ నేల వైపుకి పూర్తిగా తిప్పి, సీటుకి వీపు ఆనించి కూర్చున్నట్టు వంగి, కాళ్లతో వెనక్కి అడుగులో అడుగు వేస్తూ తోస్తే నా లాంటి మనిషి ఒక్కర్తే లేపగలదు. నడుంతో ఎత్తితే మాత్రం రెండ్రోజులు మంచం. రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 450 కూడా సూపర్ బండి, 40 పీఎస్ పవర్, సీటు దీనంతే ఉంటుంది, ఇంకా తగ్గించే సీటు కూడా దొరుకుద్ది, కానీ 196 కిలోలు. ఆ తేడా రోడ్డు మీద తెలీదు, అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో రెండు కార్ల మధ్యలోంచి రివర్స్ తోసేటప్పుడు తెలుస్తుంది.

ఊళ్లో ఇది తొక్కడం నిజంగా హాయి. ముందు చక్రం 21 ఇంచులు, చక్రం పెద్దదైతే గుంతలో పూర్తిగా దిగకుండా పైపైనే దాటేస్తుంది, ఔటర్ రింగ్ రోడ్డు మెట్రో పనుల పక్కన రోడ్డుందో లేదో తెలీని చోట కూడా నిలబడి పోనిచ్చేయొచ్చు. పెయింట్ లేని హంపులు రాత్రిపూట సడన్‌గా వస్తాయి చూడండి, వాటికి స్కూటర్ మీద నా వెన్నుపూస లెక్కపెట్టుకునేదాన్ని.

2023 అప్‌డేట్ తర్వాత వచ్చినదాంట్లో ఏబీఎస్‌కి (బ్రేక్ గట్టిగా వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసేది) రోడ్, ఆఫ్‌రోడ్, ర్యాలీ అని మూడు మోడ్‌లున్నాయి. కొత్తవాళ్లు రోడ్ మోడ్‌లోనే ఉంచేయండి. మట్టి, గులకరాళ్ల మీద చక్రం కాస్త బిగుసుకుంటే ముందు మట్టి పోగై బండి త్వరగా ఆగుద్ది, ఏబీఎస్ ఆ బిగుసుకోవడాన్నే అడ్డుకుంటుంది, అందుకే కంకర దిగుడులో బ్రేక్ వేసినా బండి పోతున్నట్టే ఉంటుంది. ఆఫ్‌రోడ్, ర్యాలీ మోడ్‌లు దానికోసం. వాడటం నేర్చుకున్నాకే వాడండి. ఏబీఎస్ ముందు చక్రానికే అన్నది కూడా గుర్తుంచుకోండి, వర్షంలో వెనక బ్రేక్ గట్టిగా తొక్కితే జారుద్ది.

ఇక హైవే. ఇక్కడ ఎక్స్‌పల్స్‌ని వెనకేసుకురాలేను. 199.6 సీసీ, 19 పీఎస్ చిల్లర, ఐదే గేర్లు. 80 వరకు హాయి, 90 దాటితే ఇంజిన్ కష్టపడుతున్నట్టు మనకే తెలుస్తుంది. ఎన్‌హెచ్ 44 మీద కర్నూలు, హైదరాబాద్ వైపు పోయేవాళ్లకి ఇది విసుగు బండి, లారీని దాటాలంటే ముందే లెక్కేసుకోవాలి. నాకు మాత్రం హొసకోటె, చింతామణి మీదుగా ఇంటికి పోయే దారిలో అంతకన్నా స్పీడ్ అవసరమే రాదు, మధ్యలో ఊళ్లు, హంపులు, టమాటా సీజన్లో మన మదనపల్లె మార్కెట్ లారీలు. హార్సిలీ హిల్స్ ఘాట్‌లో అయితే రెండు, మూడు గేర్లలోనే ఆడుకుంటూ ఎక్కేస్తుంది. మైసూరు ఎక్స్‌ప్రెస్‌వే మెయిన్ రోడ్డు మీదకి 2023 ఆగస్టు 1 నుంచి బైక్‌లని రానివ్వట్లేదు, సర్వీస్ రోడ్డే గతి, మరి 120లో పోయే బండి ఏం చేసుకుంటారు అక్కడ?

నిజమైన తలనొప్పి ట్యూబ్ టైర్లు. స్పోక్ చక్రాలు కదా. చింతామణి దాటాక ఒకసారి వెనక పంక్చర్ అయింది, అదే రోజు మా తమ్ముడి సుజుకీ వీ-స్ట్రామ్ ఎస్ఎక్స్‌కీ మేకు దిగింది. వాడిది ట్యూబ్‌లెస్, షాపతను మేకు పీకి స్ట్రిప్ గుచ్చి గాలి కొట్టి పంపేశాడు, వాడు టీ ఆర్డర్ చేసేలోపే అయిపోయింది. నాది రాళ్లు పేర్చి బండి ఎత్తి, యాక్సిల్ ఊడదీసి, చైన్ తప్పించి, టైరు అంచు రాడ్లతో పీకి, ట్యూబ్‌ని నీళ్ల టబ్బులో ముంచి బుడగ ఎక్కడొస్తుందో చూసి... తమ్ముడు రెండో టీ, బజ్జీలు కూడా కానిచ్చాడు. స్పేర్ ట్యూబ్, యాక్సిల్‌కి సరిపోయే స్పానర్ బ్యాగులో లేకుండా ఊరు దాటొద్దు.

వాడి వీ-స్ట్రామ్ గురించి కూడా అడుగుతారు కాబట్టి: 249 సీసీ, 26.5 పీఎస్, 167 కిలోలు, సీటు 835. ముందు చక్రం 19 ఇంచులు. హైవే మీద అది చాలా మెరుగు, 100లో కూడా ప్రశాంతంగా పోతుంది, సీటు వెడల్పు, కానీ ఆ వెడల్పు వల్లే నాకు కాలు ఇంకా తక్కువ అందుతుంది. ఏబీఎస్ ఆపడానికి లేదు, మట్టిలో అంత సరదా రాదు. నెలకోసారి దూరం ఊరికి పోయేవాళ్లు అది తీసుకోండి, వారం వారం నంది హిల్స్ వెనక మట్టిదారుల్లో తిరగాలనుకునేవాళ్లు ఎక్స్‌పల్స్. ఎక్స్‌పల్స్ 210 కూడా ఉంది, లిక్విడ్ కూలింగ్, ఆరు గేర్లు, 24.6 పీఎస్, హైవే లోటు చాలా వరకు తీరుద్ది, బరువు మాత్రం 168కి పోయింది. బడ్జెట్ ఉండి చేతుల్లో బలం ఉంటే అదే చూడండి, నేనైతే సెకండ్ హ్యాండ్ 200కే ఓటేస్తా, పడేసినా గుండె తరుక్కుపోదు. కొత్తది కొనేవాళ్లకి ఇంకో లెక్క, 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ లోపు బండ్లకి జీఎస్టీ 18 శాతం, పైవాటికి 40. కర్ణాటక రోడ్ ట్యాక్స్ ఎలాగూ పైన పడుద్ది.

వెనక కూర్చునేవాళ్ల సంగతి: మా అమ్మ చీరలో ఈ బండి ఎక్కలేదు, ప్రయత్నించి "నిచ్చెన తీసుకురా" అంది. ఇంట్లో వాళ్లని తిప్పాలంటే స్కూటర్ అమ్మకండి. టెస్ట్ రైడ్‌కి వెళ్తే మెయిన్ రోడ్డు మీద ఒక రౌండ్ కొట్టి వచ్చేయకుండా పార్కింగ్ ర్యాంప్ మీద ఆపి మళ్లీ కదిలించి చూడండి, ఇంజిన్ ఆపేసి యూ-టర్న్ తోసి చూడండి, మీరు తోయగలిగితే బుక్ చేసేయొచ్చు.