‘బాండ్ పెరిగింది, అడ్వాన్స్ ఎక్కువ ఇవ్వండి’ అంటే నమ్మకండి

కాలిఫోర్నియాలో ఇంటికి రిమోడలింగ్ చేయించాలనుకుంటున్నవాళ్లు సంతకం పెట్టేముందు ఇది చదవండి. నాకు 8,000 డాలర్లు వదిలాక తెలిసిన సంగతి.

బాత్రూమ్ పనికి 32,000కి మాట్లాడుకున్నాం. కాంట్రాక్టర్ పేరు రాయను, ఫిర్యాదు నడుస్తోంది. లైసెన్స్ ఉంది, మనిషి నెమ్మదస్తుడు. సంతకాల రోజున 8,000 అడ్వాన్స్ అడిగాడు. ఇంత ఎందుకంటే, లైసెన్స్ బాండ్ (కాంట్రాక్టర్ తప్పు వల్ల నష్టపోయినవాళ్లకు బాండ్ కంపెనీ ఇచ్చే హామీ) 15 వేల నుంచి 25 వేలకు పెంచారని, తన ఖర్చు పెరిగిందని, అయినా నా డబ్బుకు ఇప్పుడు 25 వేల దాకా గ్యారంటీ ఉన్నట్టేనని చెప్పాడు. నేను తలూపి చెక్కు రాసిచ్చాను.

బాండ్ పెరిగిన మాట నిజమే. 2016లో 12,500 నుంచి 15,000 అయింది, 2023 జనవరి 1 నుంచి 25,000. మిగతాదే మోసం.

బాండ్‌కి అతను కట్టేది ప్రీమియం మాత్రమే, 25 వేలూ కాదు. అది అతని లైసెన్స్ ఖర్చు. దానికీ నా అడ్వాన్స్‌కీ సంబంధం లేదు. ఇక్కడి చట్టం ప్రకారం ఇంటి పనులకు అడ్వాన్స్ 10 శాతం లేదా 1,000 డాలర్లు, ఏది తక్కువైతే అంతే. అంటే నేను ఇవ్వాల్సింది వెయ్యి. ఆ తర్వాత కూడా జరిగిన పనికి మించి అడగకూడదు. కాంట్రాక్టర్ల లైసెన్స్ బోర్డు దగ్గర ప్రత్యేకంగా పెర్ఫార్మెన్స్, పేమెంట్ బాండ్ (పని పూర్తి చేస్తానని, పనివాళ్లకూ సప్లయర్లకూ డబ్బు కడతానని ఇచ్చే హామీ) పెట్టి ఆమోదం పొందినవాళ్లకు ఈ పరిమితి వర్తించదు గానీ, అది మామూలు లైసెన్స్ బాండ్ కాదు. మావాడికి అలాంటిదేమీ లేదు.

రెండు రోజుల్లో గోడలు పగలగొట్టారు. తర్వాత టైల్స్ రాలేదన్నాడు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. పీకేసిన కమోడ్ గరాజ్‌లో కారు పక్కనే ఉంది, రోజూ దాన్ని చూస్తూ ఆఫీసుకెళ్లాను. మూడో వారం టైల్స్ కంపెనీ నుంచి సర్టిఫైడ్ మెయిల్‌లో ప్రిలిమినరీ నోటీసు వచ్చింది. అదే లియన్ (బాకీ కింద ఇంటి మీద పెట్టే హక్కు) కాదు, కానీ కాంట్రాక్టర్ వాళ్లకు డబ్బు కట్టకపోతే మా ఇంటి మీద లియన్ వేసే హక్కు నిలుపుకోవడానికి పంపేది. ఆ రాత్రి నిద్ర లేదు.

బాండ్ కంపెనీకి క్లెయిమ్ పెట్టాను. కాంట్రాక్టు, చెక్కు కాపీ, ఫొటోలు, మిగిలిన పనికి ఇంకో కాంట్రాక్టర్ ఇచ్చిన ఎస్టిమేట్, అన్నీ పంపాను. ఇదే బాండ్ మీద ఇంకా క్లెయిములు ఉన్నాయని జవాబు వచ్చింది. అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు: ఆ 25,000 నాకొక్కడికే కాదు, అతని పనులన్నిటికీ కలిపి ఒకటే మొత్తం. ఇంటి యజమానులు కాని సప్లయర్ల వంటివాళ్లకు అందులో మొత్తమ్మీద 7,500కి మించి పోదు, అదొక్కటే ఊరట. మిగిలింది నాలాంటి ఇంటివాళ్లం పంచుకోవాలి. పైగా ఇది ఇన్సూరెన్స్ కాదు. కంపెనీ విచారించి, తప్పు కాంట్రాక్టర్‌దే అని తేలితేనే ఇస్తుంది, ఇచ్చింది మళ్లీ అతని దగ్గరే వసూలు చేసుకుంటుంది.

కాంట్రాక్టర్స్ స్టేట్ లైసెన్స్ బోర్డు సైట్‌లో నేను "యాక్టివ్" అన్న ముక్క చూసి ఆగిపోయాను. మీరు కిందకి దిగి బాండ్ భాగం చదవండి: కంపెనీ పేరు, బాండ్ నంబర్, మొదలైన తేదీ, రద్దు తేదీ. పాత బాండ్ల చరిత్ర కూడా అక్కడే ఉంటుంది. మావాడి పేజీలో రద్దైన బాండ్లు రెండున్నాయి. రెండు నిమిషాల పని, బద్ధకించాను.

వాషింగ్టన్ రాష్ట్రంలో ఉన్నవాళ్లకూ ఈ మాట వినపడొచ్చు. అక్కడ 2024 జూలై 1 నుంచి జనరల్ కాంట్రాక్టర్ బాండ్ 12,000 నుంచి 30,000కి, స్పెషాల్టీవాళ్లది (ఒక్క రకం పనే చేసేవాళ్లది) 6,000 నుంచి 15,000కి పెరిగింది. అక్కడ బాండ్ మీద డబ్బు రావాలంటే సుపీరియర్ కోర్టులో దావా వేయాలి.

మీ కాంట్రాక్టులో ‘బాండ్ ఖర్చు’ అన్న లైన్ కనిపిస్తే కొట్టేయమనండి. ఇప్పటికే ఎక్కువ ఇచ్చేసి పని ఆగిపోయి ఉంటే, బోర్డుకు ఫిర్యాదు, బాండ్ కంపెనీకి క్లెయిమ్ రెండూ ఇవాళే పంపండి. నేను ‘రేపొస్తాడులే’ అని ఐదు వారాలు ఆగాను, ఈలోగా మిగతావాళ్ల క్లెయిములు ముందే చేరాయి.